తారీఖు వేశారా?

మెట్ల కింద ఆ గది పొడవు ఏడడుగులు, వెడల్పు ఐదు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి నాలుగు అరలు, అరల నిండా పక్క మూతలు విప్పిన కంప్యూటర్లు. మాస్టారు నిటారుగా నిలబడితే పైమెట్టు నెత్తికి తగులుతుంది. ఇరవై రెండేళ్లుగా తగులుతూనే ఉంది. తన నడుం వంగింది వయసు వల్ల కాదు, ఆ మెట్టు వల్లేనని ఆయన వాదన.

మాస్టారంటే బడిపంతులనుకునేరు. ఎవరికీ అక్షరమ్ముక్క నేర్పిన పాపాన పోలేదాయన. కంప్యూటర్లు బాగుచేస్తారు. వీధివాళ్ళు పెట్టిన పూర్తి పేరు రీసెట్టు మాస్టారు. తెర మీద ఏమీ రావడం లేదని ఎవరైనా పెట్టె మోసుకొస్తే చాలు, కరెంటు తీగ పీకేసి, మూత విప్పి, మదర్‌బోర్డు మీద చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదిగా మెరిసే సెల్లుని గోటితో పైకి లేపుతారు. ఓ ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పెడతారు. పదింట ఆరు కంప్యూటర్లు దాంతోనే లేచి కూర్చుంటాయి. "ఇంతేనా?" అని మొహం చిట్లించేవాళ్ళకి ఆయన జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే. "ఇంతే. ఏది పీకాలో తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది."

ఆ సెల్లు బలంతోనే మదర్‌బోర్డు నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకుంటుంది. డిస్కుతో ఎలా మాట్లాడాలి, ముందు దేన్ని లేపాలి, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలి, ఇవాళ తారీఖెంత. వాటినే బయోస్ సెట్టింగులంటారు. సెల్లు తీసి కాసేపు ఆగితే ఎవరో నొక్కకూడనివి నొక్కి చేసిన కంగాళీ అంతా చెరిగిపోతుంది, నిజమే. కానీ పనికొచ్చేవి కూడా దాంతోపాటే పోతాయి. తారీఖైతే మరీ అన్యాయం, ఆ బోర్డు తయారైన ఏడాది జనవరి ఒకటికి వెళ్ళి కూర్చుంటుంది. అందుకని పెట్టె లేచాక బయోసులోకి వెళ్ళి అన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చెప్పుకురావాలి.

ఆ చెప్పుకురావడంలో మాస్టారి భార్యకీ సగం వాటా ఉండేది. రెండో కుర్చీ ఆవిడదే. మాస్టారి రాత కోడి గెలికినట్టుంటుంది, తెల్లారితే ఆయనే చదువుకోలేరు. ఆవిడవేమో ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన తెర మీద చూసి పైకి చదివితే, ఆవిడ అరచేతంత చీటీ మీద రాసి, దాన్ని పెట్టె మూతకి లోపలివైపు అంటించేది. ఎన్నేళ్ళ తరవాత విప్పినా ఆ పెట్టె సంగతంతా అందులో ఉండేది. చీటీలో ఆఖరి గీత తారీఖు. అక్కడికి రాగానే ఆవిడ కలం ఆపి, తలెత్తి, "తారీఖు వేశారా?" అనేది. నూటికి తొంభైసార్లు మాస్టారు అప్పుడే నాలుక కరుచుకుని తారీఖు వేసేవారు.

"ఎన్నిసార్లడుగుతావోయ్, నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?" అని విసుక్కునేవారు కూడాను. మగవాళ్ళ గుణం, ఎక్కడికి పోతుంది!

ఏడాది కిందట ఆవిడ కళ్ళకి పొర కమ్మింది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. తరవాత చీటీ మీద గీత మీద గీత పడింది. ఇప్పుడు ఎడమ కన్ను పూర్తిగా పోయినట్టే, కుడికంటికి మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. మేడ మీది ఇంటినించి దుకాణానికి మెట్లు పద్నాలుగూ లెక్కపెట్టుకుంటూ దిగేది. ఓ రోజు పన్నెండుకే నేలొచ్చిందనుకుని అడుగేసింది, చీలమండ వాచింది. పొయ్యి మీద గిన్నె అనుకుని మంట మీద చెయ్యి పెట్టింది, అరచెయ్యి బొబ్బలెక్కింది. దాంతో దుకాణానికి రావడం మానేసింది. చీటీలు ఆగిపోయాయి, తారీఖు తప్పిన పెట్టెలు అప్పుడప్పుడూ వెనక్కి రాసాగాయి. మాస్టారు పొద్దున్నే లేచి వంట చేసి, ఆవిడకి నీళ్ళూ తిండీ అన్నీ చేతికందేలా సర్ది, మెట్లు దిగి వచ్చి, పెట్టెలు విప్పి, మధ్యాహ్నం మళ్ళీ మెట్లెక్కి, మళ్ళీ దిగి... మోకాళ్ళు అరిగిపోయాయంటే అరిగిపోవా మరి? సాయంత్రానికి ప్రాణం ఉసూరుమనేది. రెండో కుర్చీ మీద పాత కీబోర్డులు పేరుకుపోయాయి. ఆ కుర్చీ వైపు చూడబుద్ధయ్యేది కాదాయనకి.

ఊరి చివర కళ్ళాసుపత్రిలో ఆపరేషను ఊరికే చేస్తారు. కాకపోతే వరస ఉంటుంది. సోమవారం పేరు రాయించుకోవాలి, రాయించుకున్న తారీఖుని బట్టి కంప్యూటరు కట్టిన వరసలో పిలుపొస్తుంది, శుక్రవారానికి నలభై మందికి చేస్తారు. ప్రస్తుతం ఐదు నెలలు పడుతోందన్నారు. ఐదు నెలలంటే మాస్టారికి ఐదేళ్ళలా వినిపించింది. అయినా చేసేదేముంది, ఓ సోమవారం దుకాణం మూసేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్ళి లైన్లో నిలబడ్డారు.

తొమ్మిదైనా లైను కదల్లేదు. కౌంటరులో సిస్టరు కంప్యూటరు పెట్టెని అరచేత్తో బాదుతోంది. నిజానికి ఆవిడ నర్సు కాదు, పేర్లు రాసుకునే ఉద్యోగి, నలభై దాటిన మనిషి. ఆసుపత్రిలో బల్ల వెనక కూర్చున్న ఆడవాళ్ళంతా సిస్టర్లే కదా, అలా పిలుస్తారు.

"శనివారం ఎవడో వచ్చి దీని వేగం పెంచుతానని ఏదో నొక్కిపోయాడు. అప్పట్నించీ ఇంతే," అని లైనుకంతటికీ వినబడేలా తిట్టుకుంటోంది.

మాస్టారి భార్య చెవులు రిక్కించింది. కళ్ళు పోయినప్పటినించి ఆవిడ చెవులు మరీ పదునెక్కాయి. "ఫ్యాను తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. బయోసే. వెళ్ళి చూడండి."

"సెలవు పెట్టి వచ్చినా ఇదేనా నా బతుకు!" అన్నారు మాస్టారు. అని, వెళ్ళారు. జేబులో స్క్రూడ్రైవరు, ఓ కొత్త సెల్లు ఎప్పుడూ ఉంటాయి.

కౌంటరు కింద మోకాళ్ళ మీద కూలబడి మూత విప్పారు. పాత సెల్లు తీశారు. వెనక నలభై మందికి పైగా జనం, గొణుగుడు, దగ్గులు, ఎవరిదో ఇనప పొన్ను చేతికర్ర టక్కుటక్కుమని నేల మీద. ఐదు నిమిషాలు ఆగి కొత్త సెల్లు వేసి మీట నొక్కితే తెర వెలిగింది. లైనంతా ఒక్కసారి "హమ్మయ్య" అంది. మాస్టారు బయోసులోకి వెళ్ళి డిస్కు సంగతి చెప్పారు, ముందు ఏది లేవాలో చెప్పారు, ఫ్యాను సర్దారు. "అయిందా బాబాయ్‌గారూ, అయిందా?" అని సిస్టరు నెత్తి మీద నిలబడింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. అయిందమ్మా అని భద్రపరిచే మీట నొక్కి, బల్ల పట్టుకుని లేచారు.

సిస్టరు మొహం చాటంతయింది. "పిన్నిగారిని ఇటు తీసుకురండి. ఇవాళ మొదటి నంబరు ఆవిడదే."

మాస్టారు ఆనందంగా వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆవిడ కదిలితేనా! "నా ముందు ముప్పై ఆరుమంది ఉన్నారు. వాళ్ళవి కళ్ళు కావా?" అంది. ముందువాళ్ళు పర్లేదు వెళ్ళమ్మా అన్నా వినలేదు. నిలబడడానికి తనకి కాళ్ళున్నాయంది. కాళ్ళు లేనిది మాస్టారికి, ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటారు? ఇంకో రెండు గంటలు నిలబడ్డారు. ఆవిడకి ముప్పై ఏడో నంబరు వచ్చింది. సిస్టరు కాగితం మీద రబ్బరు ముద్రతో ఆనాటి తారీఖు ఠపీమని కొట్టి చేతికిచ్చింది. ఐదు నెలలాగి ఫోను చేస్తామంది.

బుధవారం ఫోనొచ్చింది. ఐదు నెలల తరవాతి బుధవారం కాదు, ఆ వారం బుధవారమే. శుక్రవారం పొద్దున్నే రమ్మన్నారు.

కౌంటరు సిస్టరు విశ్వాసం గల మనిషి, చేసిన సాయానికి పేరు పైకి జరిపిందనుకున్నారు మాస్టారు. ఆ మాట పైకి అంటే భార్య ససేమిరా రానంటుంది. అందుకని, "ఇంత తొందరగా ఎలా పిలిచారండీ?" అని ఆవిడడిగితే, "ఎవరో రాలేకపోయారేమోలే, నీ అదృష్టం," అని మూట కట్టేశారు. ఆ రెండు రోజులూ ఆయన అడుగులు తేలిగ్గా పడ్డాయి. కుర్చీ మీది కీబోర్డులు తీసి, గుడ్డతో తుడిచి పెట్టారు. మనిషికి ఆశ పుడితే ఎంత పని చేయిస్తుందో చూడండి, ఏడాది నించి ఆ కుర్చీ ముట్టుకోనివాడు!

శుక్రవారం లోపలి హాల్లో బల్లల మీద అందరినీ నంబర్ల వరసన కూర్చోబెట్టారు. మణికట్లకి నంబరు పట్టీలు కట్టారు. ఓ నర్సు వచ్చి కళ్ళల్లో చుక్కల మందు వేసిపోయింది. మొదటి ఇద్దర్ని లోపలికి తీసుకెళ్ళారు. మాస్టారు భార్య పక్కనే కూర్చుని, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, రేపు కట్టు విప్పుతారు, ఎల్లుండి దీని చేత చీటీ రాయించాలి అని లోపల్లోపలే లెక్కలేసుకుంటున్నారు.

"ఏమండీ," అంది ఆవిడ. "ముందు బల్ల మీద దగ్గుతున్నాయన, ఆ రోజు లైన్లో నా ముందు నిలబడ్డాయనే కదూ?"

"అయ్యుంటాడు. దగ్గులన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"ఉండవు. అల్లుడి గురించి ఏకరువు పెడుతున్నావిడ ఆయనకి రెండు పేర్లు ముందు. ఇనప పొన్ను కర్ర నా వెనకాల." కాస్త గొంతు పెంచి, చుట్టూ ఉన్నవాళ్ళని అడిగింది. "ఏమమ్మా, మీరంతా పేరు ఎప్పుడు రాయించుకున్నారు?"

మొన్న సోమవారమేనని ఒకావిడ అంది. తనదీ సోమవారమేనన్నాడు దగ్గాయన. అదే, కంప్యూటరు పాడైన రోజని ఇంకెవరో అందుకున్నారు. ఐదు నెలలన్నారు గానీ నాలుగు రోజులకే పిలిచారు, మంచి ఆసుపత్రని అందరూ మెచ్చుకున్నారు.

ఆవిడ మెచ్చుకోలేదు. మొహం మాస్టారి వైపు తిప్పింది. చుక్కల మందుకి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏమండీ. ఆ రోజు తారీఖు వేశారా?"

మాస్టారు ఆ రోజు చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. డిస్కు చెప్పారు. ముందు లేవాల్సింది చెప్పారు. ఫ్యాను చెప్పారు. తరవాత... తరవాత ఎవరూ అడగలేదు. ఆవిడ పక్కనున్న ఇన్నేళ్ళూ ఆ ఒక్క పనికీ ఆయన బుర్ర వాడనేలేదు, ఆవిడ నోరే వాడారు. కొంప మునిగింది. ఆ పెట్టెకి సోమవారం నాడు, అది పుట్టిన ఏడాది జనవరి ఒకటి. ఆ రోజు రాయించుకున్నవాళ్ళందరూ పన్నెండేళ్ళకి పైగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నట్టు జాబితా నెత్తికెక్కి కూర్చున్నారు. నిజంగా ఐదు నెలల నించి ఎదురుచూస్తున్నవాళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు.

"లేదు," అన్నారు.

ఆవిడ మణికట్టుకున్న నంబరు పట్టీని వేలితో తడిమింది. తిట్టినా బావుండునని మాస్టారికి అనిపించింది.

"ఇప్పుడేం చేస్తావోయ్? పిలిచారు, వచ్చాం. మనమేం దొంగతనం చెయ్యలేదుగా? ఇంకో గంటలో నీకు కళ్ళొస్తాయి. సోమవారం నేనొచ్చి తారీఖు సరిచేసిపోతా, సరేనా?" మాట మాటకీ ఆయన గొంతు సన్నబడింది. "నావల్ల కావట్లేదే. ఆ మెట్లు, ఆ వంట, నువ్వెక్కడ పడతావో అని ఆ బెంగ... నావల్ల కావట్లేదు."

"తెలుసు," అంది ఆవిడ. ఆయన మోకాలు తడిమి, దాని మీద చెయ్యి ఉంచింది. "వెళ్ళి తారీఖు వెయ్యండి."

మాస్టారు లేచారు. కౌంటరు దాకా ఇరవై అడుగులుంటుంది, ఏ అడుక్కా అడుగు వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. సిస్టరుకి సంగతి చెప్పారు. ఆవిడ తెర మూలకి కళ్ళు చికిలించి చూసింది. జనవరి ఐదు. ఏ ఏడాదో చూసి నెత్తి కొట్టుకుంది. "రబ్బరు ముద్ర చేతిలో ఉండగా ఆ మూలకెవరు చూస్తారు బాబాయ్‌గారూ!" అని లోపలికి పరిగెత్తి పెద్ద డాక్టరమ్మని తీసుకొచ్చింది.

డాక్టరమ్మ ఎవరినీ కేకలెయ్యలేదు, అంత తీరిక లేదావిడకి. ఇవాళ ఆపరేషను బల్ల ఖాళీగా ఉంచడం కుదరదంది. అసలు జాబితాలో ముందున్నవాళ్ళకి ఇప్పుడే ఫోన్లు చెయ్యమంది, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎంతమంది రాగలిగితే అంతమందిని రమ్మనమంది. వాళ్ళకి చోటివ్వడానికి ఇవాళ్టి నలభైలో చివరినించి అంతమందిని వెనక్కి పంపమంది. సిస్టరు గంటసేపు ఫోన్లు చేసింది. మధ్యాహ్నంలోగా వస్తామన్నవాళ్ళు పదిమంది తేలారు.

పదిమంది. అంటే ముప్పై ఒకటి నించి నలభై దాకా ఇంటికి. ముప్పై ఏడు.

మాస్టారు బల్లని పట్టుకుని నిలబడ్డారు. సోమవారం నాడు ఆవిడ ఆ మొదటి నంబరు తీసుకుని ఉంటే, ఈపాటికి లోపలుండేది. సిస్టరుకీ అదే తట్టినట్టుంది. గొంతు తగ్గించి, "బాబాయ్‌గారూ, మీరు చెప్పబట్టే తెలిసింది. పిన్నిగారి పేరు ముప్పైలోకి జరిపేస్తా. ఎవరికి తెలుస్తుంది?" అంది.

సరేనని నాలుక చివరిదాకా వచ్చింది. అద్దాల తలుపులోంచి ఆవిడ కనిపిస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెవి ఇటు వేసి కూర్చుంది. ఇంత బలంగా దేన్నీ కోరుకోలేదు మాస్టారు ఈ మధ్యకాలంలో. సిస్టరు వేలు మీట మీదే ఉంది.

"వద్దులేమ్మా," అన్నారు చివరికి. "కళ్ళొచ్చాక ఆవిడ మొదట చదివేది ఆ ముప్పై ఏడో నంబరు కాగితమే."

సిస్టరు కుర్చీలోంచి లేచి చోటిచ్చింది. మాస్టారు వెళ్ళి భార్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. తీసుకొస్తుంటే దగ్గాయన కూడా లేచి బయటికి వస్తున్నాడు, ఆయనది ముప్పై ఆరు. ఏమైందో ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు. మాస్టారు ఆగి, తనవల్లే పొరపాటు జరిగిందని చెప్పారు. ఆయన కాసేపు దగ్గి, "పోన్లెండి," అని గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పోన్లెండి కంటే రెండు చెంపదెబ్బలు నయం.

మాస్టారు పెట్టె ఆపి, మళ్ళీ వెలిగించి, బయోసులోకి వెళ్ళారు. ఆవిడ బల్ల మీద తడిమి ఓ కాగితం ముక్క, ఓ కలం దొరకబుచ్చుకుంది.

"చదవండి," అంది.

"నీకు కనబడదు కదే."

"చేతికి గుర్తుందిలెండి. చదవండి."

ఆయన చదివారు. డిస్కు సంగతి చదివారు, ఆవిడ రాసింది. ముందు లేచేది చదివారు, రాసింది. ఫ్యాను. రెండో గీత మొదటిదాని నెత్తిన పడింది, మూడోది ఏటవాలుగా జారి కాగితం దాటి బల్ల మీదకి పోయింది. ఆవిడ కలం ఎత్తి ఆగింది.

"తారీఖు వేశారా?"

"వేశాను," అన్నారు మాస్టారు. ఇవాళ్టి తారీఖు పైకి చదివారు. ఆవిడ రాసింది.

సిస్టరు ఆ సోమవారం పేర్లకి అసలు తారీఖు వేసి జాబితా మళ్ళీ తీసింది. ఆవిడ ఎనిమిది వందల ముప్పై ఏడులో తేలింది. అప్పుడే తలుపు తోసుకుని, రొప్పుకుంటూ ఎవరో ముసలావిడ లోపలికొచ్చింది, ఐదు నెలల నించి ఎదురుచూస్తున్నా, నన్నే కదూ పిలిచింది, నన్నే కదూ అని కనబడినవాళ్ళందర్నీ అడుగుతోంది. అటుపోయి నిలబడండమ్మా, మీరే అని సిస్టరు దారి చూపించింది. మాస్టారి భార్య ఆ గొంతు వెళ్ళినంతమేరా మొహం తిప్పుతూ వింది.

మాస్టారు చీటీని మూతకి లోపలివైపు అంటించారు.

"అక్షరాలెలా వచ్చాయి?" అని అడిగింది.

గీతలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. తారీఖులో ఒక అంకె సగం కాగితం మీద ఉంది, సగం లేదు.

"ముత్యాల్లా ఉన్నాయి."

"అబద్ధం," అంది ఆవిడ. "ఐదు నెలలాగి నేనే వచ్చి, ఈ మూత విప్పించి చూసుకుంటా."

మాస్టారు కింద కూర్చుని మూత బిగించడం మొదలుపెట్టారు. ఉన్నవి నాలుగే మరలు. కళ్ళు మసకబారి స్క్రూడ్రైవరు గాట్లో కుదరక, ఆ నాలుగింటికీ చాలాసేపు పట్టింది.